అంచు దాటిన చుక్క

సంధ్యకు పిచ్చి ఉందని మొదట అన్నవాడు అనిల్. ఆ మాట అనేనాటికి వాళ్లిద్దరికీ నిశ్చితార్థం అయిపోయింది. సంధ్య తండ్రి రాజయ్య పెళ్లి కార్డులు సగానికి పైగా పంచేశాడు.

రాజయ్య పుట్టిందీ పెరిగిందీ పుప్పాలగూడలోనే. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక పాత ఇళ్లు ఒక సందులో మిగిలాయి. ఆ సందులోనే వాళ్లిల్లు. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. భార్య కిష్టమ్మ ఇంటి ముందు గదిలో కిరాణా దుకాణం పెట్టుకుంది. వాళ్లకు సంధ్య ఒక్కతే. కంప్యూటర్ చదువు పూర్తిచేసి, రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కనున్న ఒక టవర్‌లో ఉద్యోగంలో చేరింది. పుస్తకాల పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ అది.

అక్కడ ఆమె వంతుకు జపాన్ భాష వచ్చింది. ఆ భాషలో ప్రతి అక్షరం సమానమైన చదరపు గడిలో కూర్చుంటుంది. వాక్యం చివరి చుక్కకూ, కామాకూ, బ్రాకెట్టుకూ కూడా అంతే గడి. చుక్క మాత్రం తన గడిలో ఒక మూలన ఉంటుంది, మిగతాదంతా ఖాళీ. అలాంటివి రెండు పక్కపక్కన పడితే పేజీ మధ్యలో చిల్లు పడినట్టు కనిపిస్తుంది. ఆ ఖాళీని ఏ వైపు నుంచి ఎంత కోయాలో, వరస చివర పడ్డ చుక్కను అంచు దాటించి ఎంత బయటికి జరిపితే కంటికి అంచు నిటారుగా అనిపిస్తుందో సాఫ్ట్‌వేర్‌కు నేర్పడం సంధ్య పని. సరిగ్గా చేస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. చేయకపోతే పేజీ ఎందుకో చిరాకు పుట్టిస్తుంది, కారణం మాత్రం చెప్పలేడు.

ఆ పని ఆమెకు పట్టుకుంది. మెట్రోలో, హోటల్లో, సినిమా హాల్లో, ఎక్కడ అక్షరం కనిపించినా దాని చుట్టూ ఉన్న ఖాళీని చూసేది.

అనిల్ వాళ్లది ప్రగతి నగర్. అతనూ సాఫ్ట్‌వేరే, వేరే కంపెనీ. బంధువుల ద్వారా కుదిరిన సంబంధం. నిశ్చితార్థం తర్వాత ఒక ఆదివారం ఇద్దరూ కొండాపూర్‌లో జపాన్ వంటలు పెట్టే హోటల్‌కు వెళ్లారు. అతను తన కొత్త మేనేజరు గురించి ఏదో చెబుతుంటే సంధ్య మెనూ కార్డు అతని వైపు తిప్పింది.

"ఇగో, జర ఇది చూడు. ఈ వరస చుక్కతోని మొదలైంది. గట్ల ఎప్పుడు మొదలు గావద్దు. ఎవ్వరు చేసిన్రో గని పేజీ పాడు చేసిన్రు."

"నేనేం చెప్తున్న, నువ్వేం చూస్తున్నవ్?" అన్నాడు అనిల్, నవ్వుతూనే.

అది నిజమైన నవ్వే అనుకుంది సంధ్య.

పెళ్లికి నెలరోజులుందనగా అనిల్ తండ్రి ఫోన్ చేసి సంబంధం వద్దన్నాడు. కారణం రాజయ్యకు చెప్పలేదు. బంధువులకు మాత్రం అనిలే చెప్పాడు. "ఆ పిల్లకు తల సక్కగ లేదు. మనిషి మాట్లాడుతుంటే వినదు, గోడల మీద చుక్కలు చూస్తది. దవాఖానల చూపియ్యాలె." అసలు కారణం అతను ఆఫీసులో ఇంకో అమ్మాయిని ఇష్టపడటమని తర్వాత తెలిసింది. చివరికి ఆ అమ్మాయి కూడా అతణ్ని చేసుకోలేదు. అప్పటికి మాట ఊరంతా తిరిగేసింది.

కార్డులు ఇచ్చిన ప్రతి ఇంటికీ రాజయ్య మళ్లీ వెళ్లి పెళ్లి ఆగిందని చెప్పాల్సి వచ్చింది. ఎవరూ ఆయన్ను ఎగతాళి చేయలేదు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "పిల్లకు ఇప్పుడెట్లుందే రాజన్నా? మందులు వాడుతున్నదా?"

ఇంటికొచ్చి ఆ మాట చెప్పేటప్పుడు రాజయ్య కూతురి మొహం చూడలేకపోయాడు. తర్వాత వచ్చిన సంబంధాలు కూడా వాకబు చేశాక మళ్లీ ఫోన్ చేయలేదు. సంధ్య పెద్దగా ఏడవలేదు. పొద్దున్నే ఆఫీసుకు పోయి చుక్కల పనే చేసింది. ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే మాత్రం అక్కణ్నుంచి లేచి వెళ్లిపోయేది.

కొన్నేళ్లు గడిచాయి. జపాన్ పేజీల భాగమంతా సంధ్య చేతికి వచ్చింది. ఆ భాగంలోకి ఎవరు రాసిన కోడ్ వెళ్లాలన్నా ఆమె రివ్యూ చేసి సరే అనాలి. ఒకరోజు మేనేజర్ కుమార్ ఆమెను పిలిచాడు. తెనాలివైపు మనిషి, ఎవరినైనా గారు అనే పిలుస్తాడు.

"సంధ్య గారూ, ఒసాకా పబ్లిషర్ల పని పెరిగిపోయిందండి. కాంట్రాక్ట్ మీద ఒకర్ని తీసుకుందామనుకుంటున్నా. వాళ్ల కంపెనీలో తీసేశారట పాపం. ఈ రెజ్యూమే ఒకసారి చూడండి."

పేరు చూసింది. ప్రగతి నగర్ అడ్రసు చూసింది.

"మీకు తెలిసిన మనిషా అండి? ఇబ్బందేమైనా ఉంటే ఇప్పుడే చెప్పేయండి."

ఒక్క మాట చాలు, అనిల్ ఆ గేటు దాటి లోపలికి వచ్చేవాడు కాదు. కానీ బయట ఉన్నవాణ్ని ఆమె ఏం చేయగలదు?

"లేదు సార్," అంది సంధ్య. "తీసుకోండి."

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెబితే కిష్టమ్మ చేతిలో పప్పు కొలుస్తున్న డబ్బా అలాగే ఆగిపోయింది. "వాని మొకం రోజు జూస్తవా? ఎందుకు బిడ్డా నీకీ పరేషాని?"

"వాడే నా మొకం చూడాలె రోజు. అందుకే."

రాజయ్య ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ పూట మాత్రం అన్నం ముద్ద చేతిలో పెట్టుకునే అన్నాడు. "నన్ను తిప్పినట్టు తిప్పు వాన్ని."

అనిల్ చేరిన రోజు సంధ్యను చూసి కొయ్యబారిపోయాడు. ఆమె ఎప్పుడో అక్కడ మానేసి ఉంటుందనుకున్నాడు. కాంట్రాక్ట్ మనిషి, పైగా పని పోయి నెలల తరబడి ఇంట్లో కూర్చున్నవాడు. వెనక్కి వెళ్లే దారి లేదు. ఆమె అతణ్ని "అనిల్ గారూ" అంది, కుర్చీ చూపించింది. అతని పని వరస అంచులు సరిచేయడం. అది ఆమోదం పొందితేనే కాంట్రాక్ట్ పొడిగిస్తారు.

మొదటి కోడ్ పంపాడు. అందులో నిజంగానే తప్పులున్నాయి. అడ్డంగా రాసిన పేజీకి బాగానే ఉంది. కానీ జపాన్ వాళ్లు నవలలు పైనుంచి కిందికి, నిలువు వరసల్లో అచ్చు వేస్తారు. నిలువు పేజీలో ఖాళీని పైన గానీ కింద గానీ కోయాలి. అతని కోడ్ అక్కడా పక్కనుంచే కోసింది. సంధ్యకు చూడగానే తెలిసింది. రివ్యూలో రాసింది మాత్రం ఒక్క ముక్క: "తప్పుంది. మళ్లీ చూడండి."

అదే బృందంలో ప్రవళిక అనే కొత్త అమ్మాయి ఉండేది. ఆమె తప్పు చేస్తే సంధ్య పక్కన కుర్చీ వేసుకుని, కాగితం మీద గడులు గీసి, ఏ చుక్క ఎటు జరగాలో బాణం గుర్తులు పెట్టి చూపించేది. అనిల్‌కు మాత్రం ఎప్పుడూ ఆ ముక్కే. అతను వెతుక్కునేవాడు. ఒక తప్పు దొరికి సరిచేసి పంపితే ఇంకొకటి మిగిలి ఉండేది. మూడు గుర్తులు వరసగా పడితే మొదటి రెంటినే దగ్గరికి జరిపేది అతని కోడ్. దాన్ని దిద్దితే, పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉండే వివరణలకు పెద్ద అక్షరాల కొలత వాడిందని తేలేది. ప్రతిసారీ ఆమె చెప్పింది నిజమే. అందుకే ఎవరికీ ఫిర్యాదు చేయలేకపోయాడు.

ఒకరోజు క్యాంటీన్‌లో ఆమె బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు.

"సంధ్యా, జర చెప్పు. తప్పు ఎక్కడున్నదో గదొక్కటి చెప్పు."

"చుక్క దగ్గర."

"ఏ చుక్క? పేజీ నిండ చుక్కలే ఉన్నయి."

"అన్నీ చూడాలె మరి. గోడల మీదియి గూడ." ఆమె తింటున్న ప్లేటు మీంచి తల ఎత్తలేదు. "చుక్కల పిచ్చి ఉన్నోళ్లకు తొందరగ కనవడుతయి. నీకు లేదు గద, టైం పడతది."

అనిల్ మొహం ఎర్రబడింది. చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. అలా చుట్టూ చూడటం సంధ్యకు అన్నింటికంటే ఎక్కువ నచ్చింది.

ఇంట్లో అది రోజూ జరిగే ముచ్చట అయింది. సంధ్య గడపలో చెప్పులు విప్పకముందే కిష్టమ్మ అడిగేది, "ఇయ్యాల ఏం పంపిండు? వాపస్ కొట్టినవా?" కొట్టానంటే దుకాణంలోంచి మురుకుల పొట్లం తెచ్చి విప్పేది. బస్సు కడుగుతున్న రాజయ్య నీళ్ల పైపు ఆపి వినేవాడు. ఏ తప్పు, ఎట్లా పట్టుకుంది, వాడు ఏమన్నాడు అన్నీ చెప్పించుకునేవాడు. ఆ ఇంట్లో ఇంతగా నవ్వుకుని ఎంతో కాలమైంది. మంచి రోజులే అవి, సంధ్య వరకు.

వానాకాలం వెళ్లేసరికి అనిల్ పంపే కోడ్‌లో తప్పులు తగ్గుతూ వచ్చాయి. సంధ్యకు వెతకడానికి గంటలు పట్టసాగింది. ఒకరోజు మధ్యాహ్నం కిందికి దిగి వస్తుంటే, కొత్తగా తెరిచిన కొరియా కేఫ్ ముందు అతను నిలబడి ఉన్నాడు. అద్దం మీద రాసిన అక్షరాలకు మొహం దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. వెనకాల వచ్చేవాళ్లు "భాయ్, జర జరుగు" అంటున్నా వినిపించుకోలేదు. వేలు గాలిలో పెట్టి రెండు అక్షరాల మధ్య ఖాళీ కొలుస్తున్నాడు.

సంధ్య మెట్ల మీదే ఆగిపోయింది. అతను పేరు పాడు చేశాడు, పెళ్లి పాడు చేశాడు. ఆమెకు మిగిలింది ఈ చూపు ఒక్కటే. అది కూడా ఇప్పుడు అతని దగ్గర ఉంది. ఇచ్చింది ఎవరో కాదు, తనే. ఏమీ చెప్పకుండా అన్నిసార్లు వెనక్కి పంపడం వల్లే అతను ప్రతి చుక్కనూ తన కళ్లతో చూడటం నేర్చుకున్నాడు. కాగితం మీద గీసి చూపిస్తే ఇంత వచ్చేది కాదు. ప్రవళికకు ఇంకా రాలేదు.

ఆ వారంలోనే అనిల్ మొత్తం పని పూర్తిచేసి పంపాడు. సంధ్య పొద్దుటినుంచి దాని ముందే కూర్చుంది. అడ్డం పేజీలు, నిలువు పేజీలు, ఇంగ్లిష్ మాటలు కలిసినవి, అంకెలున్నవి, బ్రాకెట్టులో బ్రాకెట్టు ఉన్నవి అన్నీ పెట్టి చూసింది. అంచులు గీత గీసినట్టున్నాయి. ఎక్కడా చిల్లు లేదు. తప్పు దొరకలేదు.

కుమార్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఏమంటారండి? రేపు ఒసాకా వాళ్లతో కాల్ ఉంది. ఇది సరే అంటే అనిల్ గారి కాంట్రాక్ట్ కూడా పొడిగించేద్దాం."

"ఇంకా చూస్తున్న సార్."

సరే అని రాయడానికి ఆమె చేయి రాలేదు. మందులు వాడుతున్నదా అని అడిగినవాళ్లందరూ కళ్ల ముందు కూర్చున్నట్టయింది. చివరికి రాసింది: "బ్రాకెట్టు తర్వాత వచ్చిన చుక్క అంచు దాటకూడదు. ఇందులో దాటింది. తిరస్కరిస్తున్నాను." అలాంటి నియమం ఏదీ లేదు. ఇన్ని నెలల్లో ఆమె రాసిన మొదటి అబద్ధం అది.

మర్నాడు కాల్‌కు ముందు బృందమంతా మీటింగ్ గదిలో కూర్చుంది. అనిల్ ఒక పుస్తకం తెచ్చాడు. ఆఫీసు అలమారాలో ఎప్పటినుంచో ఉన్న జపాన్ పుస్తకం. ఒక పేజీ తెరిచి బల్ల మధ్యలో పెట్టాడు.

"ఇందుల బ్రాకెట్టు తర్వాత చుక్క అంచు దాటింది సార్. ఒక్క తాన గాదు, పుస్తకం నిండ గట్లనే ఉన్నది. ఒసాకా వాళ్లు ఇదే మంచి నమూనా అన్నరు." సంధ్య వైపు చూశాడు. "మన సాఫ్ట్‌వేర్‌తోని దీని పేజీలు కూర్చింది సంధ్య గారే."

కుమార్ కళ్లద్దాలు తీసి పుస్తకం మీదికి వంగాడు. "సంధ్య గారూ?"

ఇంకో అబద్ధం చెప్పడానికి దారి ఉంది. ఆ పుస్తకం తర్వాత నియమం మారిందంటే కుమార్ నమ్మేవాడు. కానీ బల్ల మీదున్నది ఆమె చేసిన పేజీ. ఎంత బాగుందో ఆమెకు కనిపిస్తూనే ఉంది. దాన్ని తప్పు అనలేకపోయింది.

"కోడ్ మంచిగనే ఉన్నది సార్," అంది. "నేను కావాలనే ఆపిన. వీడు నాకు పిచ్చున్నదని ఊరంత చాటిండు. నా పెళ్లి చెడగొట్టిండు. తప్పు దొరికినన్ని రోజులు తప్పు చూపిచ్చిన. నిన్న దొరకలే. అయినా ఒప్పుకోబుద్ధి కాలే."

ప్రవళిక నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అనిల్ తల దించుకున్నాడు. కానీ ఆ సాయంత్రమే హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు పెట్టాడు. నెలల తరబడి వేధించిందని రాశాడు.

హెచ్‌ఆర్‌లో లావణ్య అనే ఆవిడ ఆమె రివ్యూలన్నీ బయటివాళ్ల చేత చూపించింది. సంధ్యను పిలిచి చెప్పింది. "మీరు రాసినవన్నీ నిజమే అంటున్నారు, చివరిది తప్ప. ఆ ఒక్కటి లేకపోతే నేను ఏమీ అనలేకపోయేదాన్ని."

"నాకు తెలుసు మేడం," అంది సంధ్య. ఆమెకు అదే బాధగా ఉంది. అబద్ధం ఆడినందుకు కాదు, ఒక్క అబద్ధంతో తన నిజాలన్నీ వాడి చేతికి దొరికినందుకు.

హెచ్చరిక కాగితం ఇచ్చారు. రివ్యూ అధికారం తీసేశారు. కుమార్‌కు ఆ పని చూసేవాళ్లు ఇంకెవరూ లేరు. చాలా ఇబ్బందిపడుతూ అనిల్‌కే ఇచ్చాడు. అలా సంధ్య రాసిన కోడ్ అనిల్ చూసి సరే అనాల్సిన రోజు వచ్చింది.

ఉద్యోగం మానేయమంది కిష్టమ్మ. "వాని కింద చేస్తవా?"

"నా పని వదిలి నేనెందుకు పోవాలె? వాన్నే పొమ్మను."

తైవాన్ పుస్తకాల పని ఆమెకు ఇచ్చారు. అక్కడ చుక్కా కామా గడి మూలన కాకుండా నట్టనడుమ కూర్చుంటాయి. ఖాళీని రెండు వైపులా సమానంగా కోయాలి. మొదటి కోడ్ పంపి ఎదురుచూసింది. తిరస్కరించాడు. కింద పెద్ద వివరణ ఉంది. వరస చివర పడ్డ కామాకు ఒక వైపే కోశారని, అందువల్ల అది పక్కకు ఒరిగినట్టు కనిపిస్తోందని, ఎక్కడ ఏం మార్చితే సరిపోతుందో కూడా మర్యాదగా, గారు తగిలించి రాశాడు. ప్రవళికకు తను ఎట్లా చెప్పేదో అట్లా.

ఒక్క ముక్కలో తప్పు అని కొట్టి ఉంటే ఆమెకు హాయిగా ఉండేది. తప్పు నిజంగానే ఉంది. దిద్దింది. ఆ తర్వాత అతనికి ఏమీ దొరకకుండా రాయాలని పట్టుబట్టింది. పంపేముందు ప్రతి పేజీనీ శత్రువు కళ్లతో చూసుకునేది. కొన్నాళ్లకు అతని దగ్గరినుంచి "సరే" తప్ప ఇంకేమీ రాలేదు. ఆ సంవత్సరం ఒసాకా నుంచి, తైవాన్‌లోని తైపే నుంచి మెచ్చుకోలు ఉత్తరాలు వచ్చాయి. కుమార్ కేకు తెప్పించాడు. ఇద్దరూ గదికి చెరో మూలన నిలబడి తిన్నారు.

అప్పుడే ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు శివ, శంకర్‌పల్లిలో బడిపంతులు. వాళ్ల అన్న సంధ్య గురించి ఆఫీసులో వాకబు చేయాలనుకుని, తెలిసినవాళ్లను పట్టుకుని ఫోన్ నంబరు సంపాదించాడు. అది అనిల్ నంబరు. ఆ అనిల్ ఎవరో అతనికి తెలియదు. రెండు రోజుల తర్వాత ఆ అన్న రాజయ్యకు ఫోన్ చేశాడు. పిల్ల బంగారం అని, తెలివిలో ఆమెను మించినవాళ్లు లేరని, వెనకట ఆమె గురించి ఎవరైనా చెడ్డగా చెప్పి ఉంటే అది పచ్చి అబద్ధమని, చెప్పినవాడిదే తప్పని అనిల్ చెప్పాడట.

రాజయ్య సంతోషంగా కూతురికి చెప్పాడు. "ఇగ పోనియ్యి బిడ్డా. వాని నోటితోనే వాడు ఒప్పుకున్నడు."

మర్నాడు సంధ్య ఆఫీసుకు వెళ్లి, సంచి కూడా దించకుండా నేరుగా అనిల్ బల్ల దగ్గరకు వెళ్లింది. అతను లేచి నిలబడ్డాడు. థ్యాంక్స్ చెబుతుందనుకున్నాడు కాబోలు, మొహంలో చిన్న వెలుగు వచ్చింది.

"నా గురించి మంచిగ చెప్పనీకి నిన్నెవరు అడిగిన్రు?"

"సంధ్యా, నేను తప్పు దిద్దుకుందామని..."

"నాకు పిచ్చున్నదా లేదా చెప్పుటానికి నువ్వెవనివి? అప్పుడు ఉన్నదన్నవ్, ఊరంత విన్నది. ఇప్పుడు లేదన్నవ్, మళ్ల ఊరంత వినాలె. రెండుసార్లు నీ నోట్లె నుంచే రావాల్నా నా బతుకు?" ఆమె గొంతు తగ్గించలేదు. చుట్టుపక్కల బల్లల వాళ్లు తలలెత్తారు. "చెడ్డగ చెప్పే హక్కు లేదు నీకు. మంచిగ చెప్పే హక్కు గూడ లేదు."

అనిల్ నిలబడే ఉన్నాడు. ఆమె తన కుర్చీలోకి వెళ్లి కంప్యూటర్ తెరిచింది. మనసు తేలికగా ఉంది.

ఆ ఆదివారం శివను నార్సింగిలో ఒక చాయ్ దుకాణంలో కలిసింది. అంతా తనే చెప్పింది. మెనూ కార్డు, ఊళ్లో మాటలు, వాపసు కొట్టిన కోడ్‌లు, అబద్ధం, హెచ్చరిక కాగితం, అనిల్ బల్ల దగ్గర మొన్న అన్న మాటలు. శివ మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. చాయ్ చల్లారిపోయింది.

"ఇప్పటికి గూడ కోపమున్నదా ఆయన మీద?" అని అడిగాడు.

"ఉన్నది."

"పోతదా?"

"ఏమో. పోవాలని నాకేం లేదు."

శివ చల్లారిన గ్లాసు పక్కకు జరిపాడు. "సరే," అన్నాడు. "ఇంట్లకు తేకుంటే చాలు." ఇంకో రెండు చాయ్‌లు చెప్పాడు.

పెళ్లయి ఏడాది దాటింది. సంధ్య ఇంకా అదే టవర్‌లో పనిచేస్తోంది. కోపం ఇంట్లోకి తేనని మాటిచ్చింది, తేవడం లేదు. అయితే ఆఫీసులో అనిల్ రాసిన కోడ్ ఏది వచ్చినా, రివ్యూ అధికారం తనకు లేకపోయినా, ఎవరూ అడగకపోయినా, మొదటి నుంచి చివరిదాకా ఒక్క చుక్క వదలకుండా చదువుతుంది.